జుమ్మా వేళ ఏడుపు

అజాన్ ఆగిపోయింది. ఇక ఏడుపు మొదలవ్వాలి.

షైని దుప్పటిని గడ్డం దాకా లాక్కుంది. బయట ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడుతుంటే ఇంట్లో దుప్పటి కప్పుకుని వణకడం ఏసీ పుణ్యమేనని వేరే రోజైతే నవ్వుకునేది. ఇవాళ్టి వణుకు ఏసీది కాదు. రాత్రంతా క్లినిక్‌లో డ్యూటీ చేసి, పొద్దున వచ్చి, మిగిలిన పప్పన్నం రెండు ముద్దలు మింగి మంచమెక్కిన మనిషి ఈపాటికి ఒళ్ళు తెలియకుండా నిద్రపోవాలి. కాని ఇది శుక్రవారం. మలాజ్‌లోని ఈ పాత వీధిలో మగవాళ్ళంతా మసీదు దారి పట్టారు. కింద బకాలా అనే కిరాణా కొట్టువాడు షట్టరు దించేశాడు, పక్కన లాండ్రీవాడు దించేశాడు, ఆ చప్పుళ్ళు కూడా అయిపోయాయి. ఇంత పెద్ద రియాద్ ఒక్కసారిగా నోరు కట్టేసుకుంటుందని ఇక్కడికి రాకముందు ఎవరైనా చెబితే నమ్మేది కాదు. దెయ్యమన్నాక అర్ధరాత్రి తిరగాలి, అమావాస్య చూసుకోవాలి. ఈ మూడో అంతస్తు దెయ్యానికి అలాంటి మర్యాదలేమీ లేవు. మిట్టమధ్యాహ్నం, సరిగ్గా జుమ్మా నమాజు వేళకు, హాజరు వేయించుకునే నర్సులా టైముకు వస్తుంది. వచ్చి ఏడుస్తుంది. నమాజు అయిపోయి వీధిలో కార్ల హారన్లు మొదలయ్యాక ఎటుపోతుందో పోతుంది.

మొదటిసారి విన్నది బాత్రూంలో. తలస్నానానికి వెళ్తే, పైనున్న చిన్న కిటికీలోంచి సన్నగా, పిల్లి అనుకునేంత సన్నగా వచ్చింది. ఆ కిటికీ వీధిలోకి తెరుచుకోదు. బిల్డింగు నడిమధ్యన పైకప్పు నుంచి కింది దాకా బావిలాంటి ఖాళీ ఒకటి ఉంది, అందరి బాత్రూం కిటికీలూ వంటింటి కిటికీలూ దానిలోకే. ఇక్కడివాళ్ళు మన్వర్ అంటారు, వెలుతురు కోసం వదిలిందని అర్థమట. వెలుతురు మాట దేవుడెరుగు, పావురాల రెట్టలూ, ఏసీల నుంచి కారే నీళ్ళూ, ఎవరింట్లో ఏం మాడిందో ఆ వాసనా మాత్రం దానిలోనే తిరుగుతుంటాయి. పిల్లేమో అనుకుని షైని నీళ్ళు కట్టేసి విన్నది. పిల్లి కాదు. పిల్లి మధ్యమధ్యలో ముక్కు చీదదు. తలకు రాసుకున్న షాంపూ కళ్ళలోకి కారుతుంటే, మంట పుడుతుంటే, కళ్ళు మూసుకోవడానికి కూడా భయమేసి అలాగే నిలబడిపోయింది. ఆ సాయంత్రం రూబీకి చెప్పింది. రూబీది బాపట్ల, అదే క్లినిక్‌లో పని, ఈ ఫ్లాట్‌లో తనకన్నా రెండేళ్ళు సీనియర్. జుమ్మా దెయ్యమే, నీకెవరూ చెప్పలేదా అంది రూబీ, బస్సు ఎన్నింటికో చెప్పినంత మామూలుగా. ప్రార్థన చేసుకుని పడుకోమంది, దాని జోలికి పోవద్దంది. రూబీకి శుక్రవారం సెలవొస్తే చెవుల్లో ఇయర్‌ఫోన్లు కూరుకుని, పాటలు పెట్టుకుని, గురక కూడా పెడుతుంది. ఇవాళ డ్యూటీకి పోయింది. ఇంట్లో తనొక్కతే.

వచ్చేసింది. అదిగో. ముందు గొంతు సవరించుకుంటున్నట్టు చిన్న మూలుగు, తర్వాత గుక్క. షైని పెదాలు వాటంతటవే కదిలాయి. యేసయ్యా, యేసయ్యా. ప్రతి శుక్రవారం ఇదే వరస. అది అక్కడ ఏడుస్తుంది, తను ఇక్కడ మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, మాటలేవీ గుర్తుకు రాక, ఆ ఒక్క పేరునే గొణుగుతుంది. గొణుగుడు కాస్తా పోనుపోను తనకే తెలియకుండా పైకి వచ్చేస్తుంది, గొంతు జీరపోతుంది. నర్సునేనా నేను, అని సిగ్గేస్తుంది. శవాలకు దూది పెట్టిన చేతులివి. ఎమర్జెన్సీలో రక్తం చూసి కళ్ళు తిరిగే కొత్త డాక్టర్లను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించిన చేతులు. ఇప్పుడు చూడు, దుప్పటి అంచు పట్టుకుని ఎలా ఆడిపోతున్నాయో.

కొర్నేలు తాత ఉంటే నవ్వేవాడు. నరసాపురం అవతల, కాలవ పక్కన, వాళ్ళ చిన్న ఊళ్ళో తాత సంఘపెద్ద. ఎవరికి దెయ్యం పట్టినా, వాళ్ళు చర్చికి వచ్చేవాళ్ళయినా గుడికి పోయేవాళ్ళయినా, పాస్టరుగారి కన్నా ముందు తాతకే కబురొచ్చేది. తాత దగ్గర కొరడాలూ, వేపమండలూ, ఎండుమిరపకాయల పొగా ఏమీ ఉండేవి కావు. వెళ్ళి ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చునేవాడు, చుట్టంచూపుకు వెళ్ళినట్టు. ఎవరమ్మా నువ్వు, అనేవాడు. ఏ ఊరు. ఏం కావాలి నీకు. అంతే, ఆ మూడే. చెప్పకపోతే మళ్ళీ మొదటి నుంచి. పొద్దుగూకినా విసుగు లేదు. పేరు చెప్పిందంటే సగం దిగినట్టే అనేవాడు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ. చాలా దెయ్యాలకు కోడికూర కావాల్సొచ్చేది, కొన్నిటికి చీర. ఒక్కసారి మాత్రం, షైని తాత వీపు వెనక నక్కి చూస్తుండగా, జుట్టు విరబోసుకుని ఊగిపోతున్న ఒక కొత్త కోడలు ఏం కావాలంటే, నన్ను కొట్టొద్దని చెప్పు తాతా, అంది. ఊగడం ఆపేసి, మామూలు గొంతుతో. దెయ్యాన్ని కొట్టేదెవరు అని షైనికి అర్థం కాలేదు. తాతకు అర్థమైంది. లేచి, ప్రార్థన కూడా చెయ్యకుండా, ఆ పిల్ల అత్త ఉన్న వసారాలోకి వెళ్ళి తలుపు దగ్గరకు వేశాడు. లోపల ఏం మాట్లాడాడో ఏమో, మళ్ళీ ఆ కోడలికి దెయ్యం పట్టలేదు.

ఆ రక్తమే అనుకుంటా. భయమేస్తే రూబీ చెవులు మూసుకుంటుంది, షైని ఆరా తీస్తుంది. చిన్నప్పుడూ అంతే. మంచం కింద ఏదో ఉందంటే వంగి చూస్తేగాని పడుకునేది కాదు, చూడ్డానికి వంగేటప్పుడే సగం ప్రాణం పోయేది. ఈ దెయ్యం ఎవరిదో, ఎప్పటిదో తెలుసుకుంటే ఈ వణుకు కాస్త తగ్గుతుందనుకుంది. ముందు వెళ్ళింది కిందనుండే అబ్దుల్ ఘనీ దగ్గరకు. బిల్డింగు కాపలా ఆయనే, హారిస్ అంటారు. పాకిస్తానీ, గడ్డానికి గోరింటాకు, మెట్ల కింద గదిలో ఎన్నేళ్ళ నుంచి ఉంటున్నాడో ఆయనకే తెలియదు. ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి, ఉర్దూలో చెప్పాడు. ఎప్పుడో పాతకాలంలో మీ ఫ్లాట్‌లోనే ఒక నర్సు ఉరేసుకుందట, ఆమె జుమ్మా రోజు, మగాళ్ళు లేని వేళ చూసి మన్వర్‌లోకి దిగి ఏడుస్తుందట. నమాజు ముగిసేదాకా ఆయన మూడో అంతస్తు మెట్టెక్కడు, ఎవరినీ ఎక్కనివ్వడు. “ఎంత ఏడుపు వినిపించినా తలుపు తియ్యొద్దు సిస్టర్. పలకరించావో, నీ గొంతు పట్టుకుంటుంది,” అన్నాడు. చెబుతున్నంతసేపూ ఆయన చేతిలో తస్బీ పూసలు గబగబా జరిగాయి. ఆరా తీయడం వల్ల భయం తగ్గుతుందన్నది ఎవరి మాటో గాని, ఆ వారం షైని స్నానం కూడా ముఖం గోడకేసి తిప్పుకుని చేసింది. ఉరేసుకున్నది ఏ గదిలో అని అడగనందుకు తనను తాను మెచ్చుకుంది.

ఇవాళ ఏడుపు వేరేగా ఉంది. ఇంతకుముందు గుక్క మీద గుక్క వచ్చేది, మధ్యలో ఏవో సణుగుళ్ళు. ఇవాళ ఒక గుక్క తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ చిన్నది. అలిసిపోతే వచ్చే ఏడుపు అది. వార్డులో ఆ తేడా తనకు కళ్ళు మూసుకుని కూడా తెలుస్తుంది. వద్దు, ఆ లెక్కలిప్పుడు వద్దు. దెయ్యానికి నాడి చూస్తావా ఏంటి.

అబ్దుల్ ఘనీ కథ విన్న ఆ వారమే, రాస్ తనూరాలో ఉండే రెబెక్కా ఆంటీకి ఫోన్ చేసింది. ఈ ఫ్లాట్‌లో ఉండి వెళ్ళిన నర్సుల్లో అందరికన్నా పాతమనిషి ఆవిడ, ఇప్పుడు అక్కడ ఏదో కంపెనీ క్లినిక్‌లో పని. ఉరేసుకున్న నర్సు పేరేంటాంటీ అని అడిగితే ఆవిడ పగలబడి నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. “ఒసే పిచ్చిమొహమా, ఎవరూ చావలేదే. ఆ దెయ్యాన్ని పుట్టించింది నేనే,” అంది. ఈ దేశంలో చర్చిలు లేవు, పదిమంది కూడి ప్రార్థన చేస్తే పట్టుకుపోతారు గనుక, అప్పట్లో ఎనిమిది మంది నర్సులు ఆ ఫ్లాట్‌లో చాటుగా చేరి ప్రార్థన చేసుకునేవారట. బిల్డింగులో మగవాళ్ళు ఉండని వేళ ఏదా అని చూస్తే జుమ్మా వేళ దొరికింది. కిటికీలకు దుప్పట్లు కట్టి, గొంతులు అణుచుకుని పాడుకునేవారు. పాట అణుచుకోవచ్చు గాని ఏడుపు అణుచుకోవడం ఎవరి తరం. ఒకామెకు పసిబిడ్డను వదిలొచ్చిన దిగులు, ఒకామెకు అమ్మ పోతే వెళ్ళలేకపోయిన బాధ. బాత్రూంలో దూరి ఏడ్చుకునేవారు, ఆ ఏడుపు మన్వర్‌లో పడి బిల్డింగంతా తిరిగేది. కింది ఫ్లాటువాళ్ళు అబ్దుల్ ఘనీని అడిగారు, ఆయన వచ్చి వీళ్ళను అడిగాడు. వీళ్ళ పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు రెబెక్కా ఆంటీకి తోచింది. మాకూ వినిపిస్తోంది భాయ్, మాకూ భయంగా ఉంది, మాకన్నా ముందు ఇక్కడెవరో నర్సు చచ్చిపోయిందటగా, అని ఆయననే ఎదురడిగింది. అంతే. ఆ తర్వాత శుక్రవారం మూడో అంతస్తు వైపు కన్నెత్తి చూసినవాడు లేడు. ఎంత గట్టిగా ఏడ్చినా ఎవరూ రారు కదా అని మేం హాయిగా ఏడ్చుకున్నామే, అంది ఆంటీ. దేవుడు దెయ్యాన్ని కూడా మనకు కాపలా పెట్టాడే, అని మళ్ళీ నవ్వింది. షైని కూడా నవ్వింది. ఫోన్ పెట్టేశాక కడుపునిండా అన్నం తిని, భర్త బ్లెస్సన్‌కు వీడియో కాల్ చేసి, అతని ఒళ్ళో ఉన్న నాలుగేళ్ళ పాపకు దెయ్యం కథంతా నటించి చూపించింది. వాళ్ళిద్దరికీ ఫ్యామిలీ వీసా పెట్టి ఉంది, ఇవాళో రేపో వస్తుందని క్లినిక్ మేనేజరు అంటున్నాడు. పాప చప్పట్లు కొట్టింది. ఆ శుక్రవారం దాకా షైని ఎంత సుఖంగా నిద్రపోయిందో. శుక్రవారం మళ్ళీ ఏడుపు వినిపించింది. ఎవరూ చావని ఇంట్లో, ఎవరూ ప్రార్థనకు కూడని ఇంట్లో.

ఆ ఎనిమిది మందీ ఎప్పుడో ఎవరి దారిన వాళ్ళు పోయారు. మరి ఇదెవరు?

ఆ ప్రశ్నకు సగం జవాబు నర్సింలు తెచ్చాడు. గీజరు పాడైతే మెయింటెనెన్సు కంపెనీ పంపింది, ఊరి చివర కూలీల రూములుండే సులై నుంచి వచ్చాడు, సొంతూరు నిర్మల్ దగ్గర పల్లెటూరు. తెలుగు నర్సమ్మ ఇచ్చిన టీ తాగుతూ, ఈ బిల్డింగంటే తనకు భయమని, కంపెనీ పంపకపోతే వచ్చేవాణ్ణి కాదని, కరోనాకు ముందోసారి ఇక్కడ దెయ్యం చేతికి చిక్కి తప్పించుకున్నానని మహా హుషారుగా మొదలుపెట్టాడు. మన్వర్‌లో పైపు మార్చడానికి తాడు కట్టుకుని దిగాడట. శుక్రవారమే. మీ పక్క ఫ్లాట్ కిటికీ దగ్గరకు వచ్చేసరికి ఆడమనిషి ఏడుపు. “అమ్మా, నన్ను దీస్కపోండ్రి అని తెలుగుల ఏడ్సింది మేడం. దయ్యానికి తెలుగెట్లొస్తది? పానం అరచేతుల వెట్టుకొని పైకెక్కిన,” అన్నాడు. కింద అబ్దుల్ ఘనీ నీళ్ళు తాగించి, ఏదో చదివి ముఖం మీద ఊదాడట. తర్వాత కొన్నాళ్ళకు ఆ పక్క ఫ్లాట్‌లోనే ఇంటిపని చేసే ఒకామె చచ్చిపోయిందట. కడప దిక్కు మనిషని సులైలో రూము వాళ్ళు చెప్పుకున్నారట. ఆ ఇంటివాళ్ళూ ఖాళీ చేసి పోయారు. దెయ్యమే మింగింది మేడం ఆమెను, నేను తప్పిచ్చుకున్న, ఆమె చిక్కింది, అన్నాడు నర్సింలు, టీ కప్పు కడిగి బోర్లించి. ఆమె పేరేంటని అడిగింది షైని. పేరు ఎవరికీ యాదిలేదన్నాడు.

గీజరు బాగైంది. నీళ్ళు కాగాయి. షైని ఆ రోజు స్నానం చెయ్యలేదు, బాత్రూం గడపలో కూర్చుని ఆ కిటికీని చూస్తూ ఉండిపోయింది. అబ్దుల్ ఘనీ ఒక కథ చెప్పాడు. ఆంటీ ఒక కథ చెప్పి నవ్వింది. నర్సింలు ఒక కథ చెప్పి చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు. ముగ్గురిలో ఎవరికీ కథ మొత్తం తెలియదు. మూడూ చేరింది తన ఒక్కదాని చెవిలోనే. మూడింటినీ పక్కపక్కన పెడితే లోపలున్నది దెయ్యం కథ కాదు. ఎనిమిది మంది ఆడవాళ్ళు తాము ఏడ్చుకోవడానికి ఒక దెయ్యాన్ని కన్నారు. ఆ దెయ్యం వాళ్ళు పోయాక కూడా కాపలా మానలేదు. గోడ అవతల బతికున్న మనిషి అమ్మా అని ఏడిస్తే, అది దెయ్యంలే అని బిల్డింగు బిల్డింగంతా చెవులు మూసుకుంది. ఎంత గట్టిగా ఏడ్చినా ఎవరూ రారు. ఆంటీ హాయిగా అన్న మాటే. ఆ కడప మనిషి విషయంలో అదే మాట ఎలా నిజమైందో తలుచుకుంటే షైనికి అన్నం సయించలేదు.

అయినా ఆమె చచ్చిపోయింది కదా. అయితే ఇప్పుడు ఏడుస్తున్నది ఆమె దెయ్యమే కావచ్చు కదా. ఇన్నాళ్ళూ దెయ్యానికి భయపడిన మనిషి ఇప్పుడు దెయ్యమే అయితే బాగుండును దేవుడా అని కోరుకుంటోంది. దెయ్యమైతే ఏమీ చెయ్యక్కర్లేదు. దుప్పటి కప్పుకుంటే చాలు. కాని మెట్టెలు. ఆ మెట్టెలు గుర్తొస్తాయి. రంజాన్ ముందు పక్క ఫ్లాట్‌లోకి కొత్తవాళ్ళు వచ్చారు. ఒకరోజు మెట్ల మీద ఆ ఇంటి పిల్లలు, వాళ్ళ వెనక రెండు చేతుల నిండా సంచులతో నల్లటి అబాయాలో ఒక ఆడమనిషి. తల వంచుకునే ఉంది, ముఖం కనబడలేదు. పక్కకు జరిగి దారి ఇస్తుంటే కిందికి చూసింది షైని. రబ్బరు చెప్పులు, పగిలిన మడమలు, కాలి వేళ్ళకు మెట్టెలు. ఆగి, ఏ ఊరమ్మా అనాల్సింది. డ్యూటీకి లేటవుతోంది. డ్యూటీ ఏముంది, రెండు నిమిషాలు. నోటిదాకా వచ్చిన మాట మింగేసి దిగిపోయింది. ఆ తర్వాత ఆమె మెట్ల మీద ఎప్పుడూ కనిపించలేదు. పిల్లలు కనిపించారు, సంచులు వాళ్ళ నాన్నే మోస్తున్నాడు.

ఏమీ చెయ్యలేదా అంటే, చేసింది. పోయిన వారం ఎంబసీ హెల్ప్‌లైనుకు ఫోన్ చేసింది. తెలుగు వచ్చిన వాలంటీరు ఎత్తాడు, ఉదయకిరణ్ అని పేరు చెప్పాడు, మంచిగానే మాట్లాడాడు. పక్కింట్లో ఎవరో ఏడుస్తున్నారండీ అంది షైని. “ఆమె పేరేంటి మేడమ్? మన దేశమేనా, ఏ ఊరు? ఆమెకేం సహాయం కావాలో చెప్పిందా?” అని అడిగాడు. అడగాలి కదా మరి, గాలిని పట్టుకుని ఎవరింటికి వెళ్తారు. తెలియదండీ అంది. మీరు చూశారా అన్నాడు. మెట్టెలు చూశాను అని చెప్పాలా. మీ పేరు అన్నాడు. అక్కడ ఫోన్ కట్ చేసేసింది. ఆ ఇంటాయన తమ క్లినిక్ మేనేజరుకు స్నేహితుడు, శుక్రవారం సాయంత్రాలు ఇద్దరూ కలిసి ఖర్జూరాలు తింటూ కూర్చోవడం తను చూసింది. తనను ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు మేనేజరు చేతిలో, బ్లెస్సన్ వీసా కాగితం మేనేజరు చేతిలో. పాప అప్పుడే బొమ్మలన్నీ సంచిలో సర్దుకుని కూర్చుందట. పరాయి ఇంటి గొడవలో తల దూర్చిందని ఒక్క మాట అంటే చాలు, పాప ఆ సంచి విప్పేసుకోవాలి. రూబీ కూడా అదే చెప్పింది. నీ బతుకు నువ్వు చూసుకో, నువ్వేమైనా పోలీసువా, అంది. తర్వాత ఏమనుకుందో, దగ్గరకు వచ్చి తల నిమిరింది.

యేసయ్యా, యేసయ్యా.

ఏడుపు ఆగిపోయింది.

షైని గొణుగుడు కూడా ఆపేసింది. ఏసీ చప్పుడు, గోడ గడియారం చప్పుడు. నమాజు ఇంకా అవలేదు, హారన్లు లేవు, ఇప్పుడే ఆగకూడదు. ఇన్ని శుక్రవారాల్లో ఇంత తొందరగా ఎప్పుడూ ఆగలేదు. ఏడవవే. ఇంకొంచెం ఏడువు, నీకు పుణ్యముంటుంది. ఇంతకాలం ఆ ఏడుపు ఎప్పుడు ఆగుతుందా అని పళ్ళ బిగువున పడుకున్న మనిషికి ఇప్పుడు ఆ ఏడుపు లేకపోతే ఊపిరాడటం లేదు. వార్డులో నొప్పికి అరిచే పేషెంటుకు ఎప్పుడూ భయపడలేదు తను. అరిచి అరిచి చప్పుడు చెయ్యకుండా పడుకున్న పేషెంటు దగ్గరకే పరుగెత్తేది. కాళ్ళు ఎప్పుడు మంచం దిగాయో తెలియలేదు. టైల్సు చల్లగా తగిలాయి. బాత్రూంలో లైటు వెయ్యలేదు, ఎందుకో వెయ్యాలనిపించలేదు. బకెట్టు బోర్లించి ఎక్కింది. కిటికీ గడియ దుమ్ముకు బిగుసుకుపోయి ఉంది, రెండు చేతులా లాగితే కిర్రుమంది. ఒక పావురం రెక్కలు కొట్టుకుంటూ పైకి లేచింది, షైని దాదాపు కింద పడింది. వేడిగాలి ముఖానికి కొట్టింది. ఎదురుగా, చెయ్యి చాపితే సగం దాకా అందేంత దూరంలో, పక్క ఫ్లాట్ కిటికీ. ఇనుప కడ్డీలు, అరతెరిచిన అద్దం, లోపల చీకటి. పలకరించావో, నీ గొంతు పట్టుకుంటుంది. పట్టుకుంది అప్పుడే. పలకరించకముందే పట్టుకుంది, మాట రావడం లేదు. తాత ముక్కాలిపీట గుర్తుచేసుకుంది. చుట్టంచూపుకు వెళ్ళినట్టు.

“ఎవరమ్మా నువ్వు?”

తన గొంతు బావిలో పడి కింది దాకా పోయి తిరిగొచ్చింది. చీకట్లో ఏదో కదిలింది. షైని కిటికీ చట్రం పట్టుకుంది. పరుగెత్తాలని ఒళ్ళంతా అంటోంది, బకెట్టు మీద నుంచి కాళ్ళు మాత్రం దిగడం లేదు. అవతల ఒక ఊపిరి వినిపించింది. బిగబట్టి బిగబట్టి వదిలిన ఊపిరి. చివరికి, ఇలాంటి వణుకు తన ఒంట్లో తప్ప ఇంకెక్కడా ఉండదనుకున్నంత వణుకుతో, ఒక గొంతు.

“నన్నేం సెయ్యొద్దు తల్లీ. నువ్వా సచ్చిపోయిన నర్సమ్మవు గదా?”

షైని వెనక్కి తిరిగి చూసింది, ఆ మాట ఎవరినంటోందోనని.

“అరిస్తే నువ్వొస్తావని మా మేడం జెప్పింది,” అంది ఆ గొంతు. “శుక్రారం అందురూ పోతారు, నన్ను ఈ రూములో పెట్టి తాళమేస్తారు. నువ్వు ఏడ్సేది ఇనపడతాది. ఏందో అంటా అంటా ఏడుస్తావు. నాకు బయమై నేనూ ఏడుస్తా. ఈ పొద్దు ఏడ్సేకి గూడా శక్తి ల్యా.”

యేసయ్యా. ఇన్ని శుక్రవారాలూ తన ప్రార్థన విని ఆమె వణికింది, ఆమె ఏడుపు విని తను వణికింది. బారెడు ఖాళీకి అటొకరు, ఇటొకరు. షైనికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, ఏడుపే ముందు వచ్చింది. కాదమ్మా, కాదు, అంది. నేను చావలేదు, ఇదుగో, బతికే ఉన్నాను, నా పేరు షైని, మాది నరసాపురం పక్కన, క్లినిక్‌లో పని చేస్తాను, అని గబగబా తనే అన్నీ చెప్పేసింది, తాత అడిగే ప్రశ్నలకు దెయ్యం వైపు నుంచి జవాబు చెబుతున్నట్టు. అవతల కడ్డీల మధ్యకు ఒక ముఖం వచ్చింది. పెదాలు ఎండిపోయి పొలుసులు లేచి ఉన్నాయి. కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి. ఒంట్లో నీళ్ళు లేవు, జ్వరం ఉంది, ఎన్నాళ్ళ నుంచో సరైన తిండి లేదు, అని తన లోపలి నర్సు అప్పుడే చదివేస్తోంది. షైని బకెట్టు దిగి పరుగెత్తి, మంచం మీదున్న ఫోన్ తెచ్చుకుని మళ్ళీ ఎక్కింది. చెయ్యి ఆగింది. మేనేజరు, ఖర్జూరాలు, పాప సంచి. ఆగింది ఒక్క క్షణమే అయినా ఆ క్షణం తనకు తెలిసింది. నంబరు నొక్కింది.

ఉదయకిరణే ఎత్తాడు. ఆ మంచి గొంతే. మీ పేరు చెప్పండి మేడమ్ అన్నాడు. ఈసారి కట్ చెయ్యలేదు. షైని, అంది, క్లినిక్ పేరు చెప్పింది, ఫ్లాట్ నంబరు చెప్పింది, పోయిన వారం చేసింది కూడా నేనే అంది. సరే, ఆమె పేరు, అన్నాడు. షైని ఎదుటి కిటికీ కేసి చూసింది. నీ పేరేంటమ్మా, గట్టిగా చెప్పు. ఆ ముఖం భయంగా వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. గట్టిగా చెబితే ఎవరైనా వస్తారేమో అంది. ఈ వేళప్పుడు ఎవరూ రారమ్మా, అంది షైని. అబ్దుల్ ఘనీ మెట్టెక్కడు, ఎవరినీ ఎక్కనివ్వడు. మనిద్దరం దెయ్యాలం కదా, ఎంత గట్టిగా అరిచినా ఎవరూ రారు.

ఆమె ఊపిరి పీల్చుకుంది.

“ఓబులమ్మ,” అంది. “పుల్లంపేట.”

షైని ఆ రెండు మాటలూ ఫోన్‌లో తిరిగి చెప్పింది. రాసుకుంటున్నాను మేడమ్ అన్నాడు ఉదయకిరణ్, మరి ఆమెకేం కావాలో చెప్పగలరా అన్నాడు. వీధి చివర ఒక కారు హారన్ మోగింది. నమాజు అయిపోయినట్టుంది. షైని స్పీకరు నొక్కి, భుజం దాకా చెయ్యి కిటికీలోంచి బయటపెట్టి, ఆ లోతైన ఖాళీ మీద ఫోన్‌ను ఎంత దూరం చాపగలదో అంత దూరం చాపింది. జారితే మూడంతస్తులు. అటునుంచి కడ్డీల సందులోంచి ఒక బక్క చెయ్యి వచ్చి, ఫోన్‌ను కాదు, షైని మణికట్టును పట్టుకుంది. వేడిగా కాలిపోతున్న చెయ్యి. బతికున్న చెయ్యి.

“అడుగుతున్నారమ్మా,” అంది షైని. “ఏం కావాలో నువ్వే చెప్పు.”

ఓబులమ్మ షైని చెయ్యి వదలకుండానే చెప్పడం మొదలుపెట్టింది.